చూపు బాగానే ఉందిగా, పరీక్ష ఎందుకు? నీటికాసులపై పాఠకుల ప్రశ్నలు

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం కంటి నరం మెల్లగా దెబ్బతిని చూపు పోయే జబ్బు నీటికాసుల (గ్లాకోమా) గురించే. ఒకే తరహా ప్రశ్నల్ని కలిపి, కంటి వైద్యుల చేత జవాబులు రాయించాం.

ప్రశ్న: మా నాన్నగారికి 66వ ఏట నీటికాసులు ఉన్నట్టు బయటపడింది. అప్పటికే ఎడమ కంటి చూపు చాలావరకు పోయింది. నాకు 44 ఏళ్లు. జోడు లేకుండానే బోర్డు మీద ఆఖరి వరస చదవగలను. నొప్పి, మంట ఏమీ లేవు. నాకూ పరీక్ష అవసరమా? చెల్లెలికి 38, తనూ చేయించుకోవాలా?

ఇద్దరూ చేయించుకోవాలి. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బుంటే మీకు వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా 4 నుంచి 9 రెట్లు ఎక్కువ. తోబుట్టువుల విషయంలో ఈ ముప్పు మరింత గట్టిది. కాబట్టి మీ పెదనాన్న, బాబాయి, మేనత్తలు ఎవరున్నా వాళ్లకూ ఈ కబురు చేరాలి. చాలా ఇళ్లలో ఇది పెద్దవాళ్ల సొంత సంగతిగా మిగిలిపోతుంది.

బోర్డు మీద ఆఖరి వరస చదివిస్తున్నది కంటి వెనక పొర (రెటీనా) నట్టనడుమ ఉన్న చిన్న భాగం. నీటికాసులు చాలామందిలో దాని జోలికి ఆఖరున వస్తాయి. ముందు పోయేది చుట్టూ ఉన్న చూపు, అందులోనూ ముక్కు వైపుది. కంటి నరంలో సుమారు 10–12 లక్షల పోగులుంటాయి. చుట్టూ చూపు ఎంత మేర ఉందో కొలిచే ఫీల్డ్ టెస్టులో తేడా పడే సరికే ఆ పోగులు బయలుదేరే కణాల్లో 25–35 శాతం పోయి ఉండవచ్చు. పోయిన చోట నల్లమచ్చ కనిపిస్తే ఎవరైనా డాక్టరు దగ్గరికి పరుగెత్తుతారు. కానీ అక్కడ ఏమీ కనిపించదు. ఒక కంటి లోటును రెండో కన్ను పూడుస్తుంది, ఇంకా మిగిలిన ఖాళీని మెదడు చుట్టుపక్కల దృశ్యంతో అల్లేస్తుంది. మీ నాన్నగారు నిర్లక్ష్యం చేశారని అనుకోకండి, ఆయనకు తెలిసే దారి లేదు.

కంటి పరీక్ష అంటే జోడు పవరు చూపించుకోవడం కాదు. డాక్టరు దగ్గర ‘మా నాన్నగారికి గ్లాకోమా ఉంది, దాని కోసమే వచ్చాను’ అని ముందే చెప్పండి. అప్పుడు జరగాల్సినవి ఇవి. మొదట కంటి ప్రెషర్. గాలి ఊది చూసే యంత్రం వడపోతకు సరిపోతుంది, అనుమానం ఉన్నప్పుడు మాత్రం మత్తు చుక్క వేసి కంటికి ఆనించి కొలిచే అప్లనేషన్ పద్ధతే ప్రమాణం. తర్వాత నల్లగుడ్డు ముందున్న పారదర్శక పొర, అంటే కార్నియా, ఎంత మందంగా ఉందో కొలవాలి. ఆ తర్వాత గోనియోస్కోపీ. చిన్న అద్దాల లెన్సు ఆనించి, కంట్లో నీరు బయటికి పోయే మూల తెరుచుకుని ఉందో లేదో చూస్తారు. దీన్ని కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేయకముందే చేయాలి. మూల ఇరుకుగా ఉన్న కంట్లో ఆ చుక్కలే ఇబ్బంది తెచ్చిపెట్టగలవు. వదిలేసేది కూడా ఎక్కువగా ఈ పరీక్షనే. చివరగా చుక్కలు వేసి నరం మొదలును చూడటం, అవసరమైతే ఫీల్డ్ టెస్ట్, నరం పోగుల పొర మందాన్ని కొలిచే ఓసీటీ స్కాన్. చుక్కలు వేశాక కొన్ని గంటలు దగ్గరివి మసకగా ఉంటాయి, వెలుతురు గుచ్చుకుంటుంది. బండి మీరు నడపకండి.

అన్నీ మామూలుగా వస్తే మీ వయసుకు 1–3 ఏళ్లకోసారి, 55 దాటాక 1–2 ఏళ్లకోసారి చూపించుకోవాలి. మీ చెల్లెలు ఈ ఏడాది ఒకసారి పూర్తి పరీక్ష చేయించుకుంటే మళ్లీ ఎప్పుడు రావాలో ఆ ఫలితాన్ని బట్టి చెబుతారు. కుటుంబంలో ఎవరికీ లేనివాళ్లు కూడా 40 ఏళ్లకు ఒకసారి ఈ పరీక్షలన్నీ చేయించుకుని ఆ కాగితాలు దాచుకోవాలి. పదేళ్ల తర్వాత నరం మారిందో లేదో తేల్చేవి ఆ పాత కాగితాలే.

ప్రశ్న: నా కంటి ప్రెషర్ 17 వచ్చింది. నార్మల్ అని కాగితం మీదే ఉంది. అయినా డాక్టరు ‘గ్లాకోమా సస్పెక్ట్’ అని రాశారు. ఇదెలా?

ప్రెషర్‌ను పాదరస మిల్లీమీటర్లలో కొలుస్తారు. 10–21 మధ్య ఉంటే మామూలు అంటారు. ఆ 21 జనాభా సగటు నుంచి తీసిన హద్దు. ఏ నరం ఎంత ఒత్తిడిని తట్టుకుంటుందో అది చెప్పదు. ఎప్పుడు కొలిచినా 21 దాటకుండానే నరం దెబ్బతింటున్నవాళ్లు తక్కువేమీ కాదు.

పైగా ఆ 17 అనేది ఒక్క క్షణానిది. కంటి ప్రెషర్ రోజంతా మారుతుంది. ఆరోగ్యమైన కంట్లోనే 3–6 పాయింట్ల తేడా ఉంటుంది, జబ్బు ఉన్న కంట్లో 10 దాకా పోవచ్చు. చాలామందిలో తెల్లవారుజామున, పడుకుని ఉన్నప్పుడు ఎక్కువ. మిమ్మల్ని కొలిచింది బహుశా పగలు, కూర్చోబెట్టి. ఇక కార్నియా మందం సగటున 540–550 మైక్రాన్లు. మీది 480 అనుకోండి, యంత్రం అసలుకన్నా తక్కువ చూపిస్తుంది. ఇంత పలుచనైతే ఇంత కలుపుకోవాలనే నికరమైన లెక్క లేదు కాబట్టి, పలుచని కార్నియానే ఒక ముప్పుగా తీసుకుంటారు. జోడు తీసేయడానికి ఎప్పుడో లేసిక్ (కార్నియాను చెక్కే లేజరు) చేయించుకుని ఉంటే, అది పదిహేనేళ్ల కిందటిదైనా చెప్పి తీరాలి.

మీ డాక్టరుకు అనుమానం వచ్చింది బహుశా నరం మొదలును (డిస్క్) చూసి. అక్కడ నడిమధ్య ఒక గుంట ఉంటుంది. మొత్తం వెడల్పులో ఆ గుంట ఎంతన్నదే కాగితం మీద ‘కప్ డిస్క్ రేషియో’. 0.3–0.4 సాధారణం. 0.6 దాటినా, రెండు కళ్లకూ మధ్య తేడా 0.2 అంతకుమించి ఉన్నా ఆగి చూడాలి. కాకపోతే పుట్టుకతో డిస్క్ పెద్దదైతే గుంట కూడా పెద్దదే, అది జబ్బు కాదు. డిస్క్ అంచున సన్నని నెత్తుటి గీత ఉంటే మాత్రం అనుమానం బలపడుతుంది. ఆ గీత కొన్ని వారాల్లో మాయమైపోతుంది, కనుక ఒక్కసారి చూసి లేదనలేం.

సస్పెక్ట్ అని రాయడమంటే జబ్బు ఖాయమైందని కాదు, ఏమరుపాటు లేకుండా గమనిస్తామని. ఇంకో మాట. ఓసీటీ కాగితం మీద ఎర్రరంగు చూసి ఇంట్లో బెంబేలెత్తకండి. ఆ యంత్రం మీ కంటిని తన దగ్గరున్న మామూలు కళ్ల కొలతలతో పోలుస్తుంది. మైనస్ పవరు ఎక్కువున్న కళ్లు ఆ అచ్చులో ఇమడవు, జబ్బు లేకపోయినా ఎరుపు చూపిస్తుంది. అలాగని ఎక్కువ మైనస్ ఉన్నవాళ్లు ఊరికే ఉండేందుకూ లేదు, వాళ్లకు నీటికాసుల ముప్పు ఎక్కువే.

ప్రశ్న: నాది దీనికి తిరగబడిన కథ. ప్రెషర్ 25. నరం బాగుందన్నారు, మందు ఇవ్వలేదు, 6 నెలలకు రమ్మన్నారు. వేరే డాక్టరుకు చూపించుకోమంటారా?

మందు ఇవ్వకపోవడం తప్పు కాదు. ప్రెషర్ 24–32 ఉండి నరం బాగున్నవాళ్ల మీద జరిగిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2002లో వచ్చాయి. అయిదేళ్లలో జబ్బు మొదలైంది మందు వాడనివాళ్లలో 9.5 శాతానికి, వాడినవాళ్లలో 4.4 శాతానికి. అంటే మందు ముప్పును సగానికి తగ్గించింది, అదే సమయంలో వాడనివాళ్లలో పదిమందిలో తొమ్మిది మందికి అయిదేళ్లలో ఏమీ కాలేదు. వయసు, కార్నియా మందం, గుంట పరిమాణం కలిపి మీరు ఏ వైపు ఉన్నారో డాక్టరు తేల్చుకుంటారు. కార్నియా మందం కొలిచారో లేదో అడగండి. 6 నెలలకు వెళ్లడం మాత్రం మానకండి.

ప్రశ్న: ఫీల్డ్ టెస్టులో సగం చుక్కలు కనబడనే లేదు. భయంతో బటన్ నొక్కుతూ పోయాను. రెండోసారి చేస్తే వేరేగా వచ్చింది. ఏది నమ్మాలి?

సగం కనబడకపోవడమే ఆ పరీక్ష తీరు. ప్రతి చోటా మీకు కనిపించీ కనిపించని వెలుతురు ఎంతో వెతకడమే యంత్రం పని. అందుకని కనిపించేదాన్ని మసకబారుస్తూ, కనిపించనిదాన్ని పెంచుతూ పోతుంది. ‘తప్పిపోతున్నాను’ అని తోచినప్పుడల్లా నొక్కితే పరీక్ష పాడైపోతుంది.

ఎదురుగా ఉన్న దీపం మీద నుంచి చూపు కదపకండి. చుక్కను వెతకొద్దు. చూశాననిపిస్తే నొక్కండి, అనుమానమైతే వదిలేయండి. రెప్ప ఆర్పడం మానకండి, కళ్లు ఎండితే అంతా మసకే. నొక్కుతున్నప్పుడే ఆర్పితే చుక్క తప్పిపోదు. అలిసిపోతే బటన్ అదిమి పట్టుకోండి, చాలా యంత్రాలు అక్కడ ఆగుతాయి. పైరెప్ప వాలి ఉంటే టేపు అంటించమని అడగండి, లేకపోతే పైభాగం చూపు లేనట్టు వస్తుంది. పరీక్ష లెన్సు కంటికి దూరమైతే దాని అంచు అడ్డొచ్చి గుండ్రటి నల్లగీత పడుతుంది.

కాగితం పైభాగంలో నమ్మకాన్ని చెప్పే అంకెలుంటాయి. చూపు కదిపిన లెక్క 20 శాతం లోపు, లేని చుక్కకు నొక్కిన లెక్క 15 శాతం లోపు ఉండాలి. మీ మొదటిదాంట్లో ఈ రెండోది హద్దు దాటి ఉంటుంది. మొదటి పరీక్ష అందరికీ అభ్యాసం లాంటిదే. రెండు, మూడోసారి అదే చోట అదే లోటు వస్తేనే దానికి విలువ. కొత్తగా జబ్బు తేలినవాళ్లకు మొదటి రెండేళ్లలో ఆరు పరీక్షల దాకా చేయమని నిపుణులు అడగడం అందుకే. ఎంత వేగంగా తగ్గుతోందో అంతకంటే తక్కువతో తెలియదు. వీలైనంతవరకు ఒకే యంత్రం మీద, ఒకే పద్ధతిలో చేయించుకోండి.

ప్రశ్న: అమ్మకు 58 ఏళ్లు, ప్లస్ 3 జోడు. చీకటిపడ్డాక బల్బుల చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తున్నాయట. ఆ కంటి వైపు తలనొప్పి, నిద్రపోతే తగ్గుతుంది. మైగ్రేన్ మాత్రలు వాడుతోంది. కంటి డాక్టరు లేజరుతో చిన్న రంధ్రం చేయాలంటున్నారు. చూపు బాగున్న కంటికి రంధ్రమా?

చేయించండి, వాయిదా వేయకండి. పైన చెప్పినదంతా మూల తెరుచుకుని ఉండే రకం. మీ అమ్మగారిది మూల మూసుకునే రకం అయి ఉండాలి. ప్లస్ పవరు కళ్లు పొట్టిగా ఉంటాయి, వయసుతో లోపలి లెన్సు ఉబ్బుతుంది, నీరు పోయే సందు ఇరుకవుతుంది. చీకట్లో పాప పెద్దదైనప్పుడు కనుపాప చుట్టూ ఉన్న రంగు పొర మడతపడి ఆ సందును మూసేస్తుంది. ప్రెషర్ పెరిగి కార్నియా ఉబ్బితే రంగుల వలయాలు. నిద్రలో పాప చిన్నదవుతుంది, సందు తెరుచుకుంటుంది, నొప్పి తగ్గుతుంది. మైగ్రేన్ కూడా నిద్రతోనే తగ్గుతుంది కాబట్టి రెంటికీ పొరపడటం సులువు. వలయాలు, ఒకే కన్ను, చీకటి వేళ – ఈ మూడూ కలిసినప్పుడు గోనియోస్కోపీ జరగకుండా మైగ్రేన్ అని స్థిరపడకూడదు.

లేజరు పని కొద్ది నిమిషాలే. పాపను బిగించే చుక్క, మత్తు చుక్క వేసి రంగు పొర అంచున సూదిమొనంత దారి చేస్తారు. తర్వాత ప్రెషర్ మళ్లీ చూసి పంపిస్తారు, కొన్నాళ్లు వాపు తగ్గే చుక్కలు వేయాలి. కొందరికి వెలుతురు గీతలా కనబడుతుంది, ఎక్కువమందికి అలవాటైపోతుంది. రెండో కన్ను కూడా సాధారణంగా ఇలాగే ఉంటుంది, దానికీ చేస్తారు. మూల ఇప్పటికే మూసుకుని ప్రెషర్ బాగా పెరిగినా, నరం దెబ్బతిన్నా, 50 దాటినవాళ్లకు శుక్లం ముదరకున్నా లెన్సు తీసి కొత్తది పెట్టడమే మేలని 2016లో వచ్చిన అధ్యయన ఫలితం చెబుతోంది. అదీ డాక్టరును అడగండి.

లేజరు అయ్యేదాకా జలుబు మాత్రలు, ప్రయాణంలో వాంతుల మందులు, మూత్రాశయం పట్టు తగ్గించే మందులు, కొన్ని డిప్రెషన్ మందులు అడక్కుండా వేసుకోకూడదు. ఇవి పాపను పెద్దది చేస్తాయి. మైగ్రేన్‌కు ఇచ్చే టోపిరమేట్ సంగతి వేరు. అది మొదలుపెట్టిన కొద్ది వారాల్లో రెండు కళ్లలో ఒకేసారి మూల మూసుకుపోయే ప్రమాదం కొందరిలో ఉంది, దానికి లేజరు రంధ్రం పనికిరాదు, మందు ఆపాలి. మీ అమ్మగారి మాత్రల్లో అది ఉందేమో ఈరోజే చూసి డాక్టరుకు చెప్పండి.

కన్ను ఎర్రబడి, చూపు మసకేసి, భరించలేని నొప్పితో వాంతులు మొదలైతే గంటల్లో చికిత్స పడాలి. అత్యవసర విభాగంలో వాంతుల సంగతి ముందు చెబితే కడుపు వైపు చూస్తారు. ‘కన్ను నొప్పి, చూపు తగ్గింది’ అని మొదలుపెట్టండి.

ప్రశ్న: మా అబ్బాయికి 12 ఏళ్లు. కళ్ల దురద. పోయినేడాది డాక్టరు రాసిన చుక్కలు వేయగానే తగ్గాయి. అప్పటినుంచి దురద వస్తే అదే సీసా కొని వేస్తున్నాం. ఫర్వాలేదా?

సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అనే పేర్లుంటే సొంతంగా వేయడం ఈ రోజుతో ఆపి, ఈ వారంలో ప్రెషర్ చూపించండి. ఇవి స్టెరాయిడ్లు. జనంలో సుమారు మూడో వంతు మందికి వీటితో కంటి ప్రెషర్ కొంత పెరుగుతుంది, కొద్దిమందిలో ప్రమాదకరంగా పెరుగుతుంది. తరచుగా రెండు నుంచి ఆరు వారాల్లో పెరుగుదల మొదలవుతుంది. దురద మాత్రం తగ్గుతూనే ఉంటుంది గనుక మందు మంచిదే అనిపిస్తుంది. బాబు బోర్డు చదవలేకపోతున్నానని చెప్పే వేళకు నరం సగం పోయి ఉంటుంది. రెప్పల మీద రాసే స్టెరాయిడ్ క్రీములకు, ఎక్కువకాలం వాడే మాత్రలకు కూడా ఇదే జాగ్రత్త. ఉబ్బసానికి పీల్చే మందుతో ముప్పు తక్కువ. దాన్ని భయపడి ఆపేయకండి, కంటి డాక్టరుకు చెబితే చాలు.

ప్రశ్న: మా పాపకు 5 నెలలు. కళ్లు పెద్దవిగా, అందంగా ఉన్నాయంటారు అందరూ. ఎండలోకి తీసుకెళితే గట్టిగా మూసుకుంటుంది, నీళ్లు కారుతాయి.

ఈ వారమే కంటి డాక్టరుకు చూపించండి. నీళ్లు కారడం, వెలుతురు ఓర్వలేకపోవడం, రెప్పలు బిగించడం కలిసి ఉంటే పుట్టుకతో వచ్చే నీటికాసులు కాదని తేలాలి. ఈ వయసులో కంటి గోడ మెత్తన, ప్రెషర్‌కు సాగుతుంది, అందుకే కళ్లు పెద్దవవుతాయి. పుట్టినప్పుడు సుమారు 10 మి.మీ. ఉండే కార్నియా ఏడాదిలోపే 12 దాటితే అనుమానించాలి. చికిత్స ముఖ్యంగా ఆపరేషనే. కన్నీటి గొట్టం మూసుకుపోయి ఉన్నా నీళ్లు కారతాయి, కానీ అందులో పిల్లలు వెలుతురుకు బెదరరు.

ప్రశ్న: నాన్నకు 70. రాత్రి ఒక చుక్క, పొద్దున సాయంత్రం ఇంకో చుక్క. ఏడాదైనా చూపు పెరగలేదని మానేద్దామంటున్నారు. సీసా నెల రాకముందే అయిపోతోంది కూడా.

నీటికాసుల చుక్కలు చూపును పెంచవు, మిగిలిన చూపును కాపాడతాయి. శుక్లం ఆపరేషన్‌లా పోయింది తిరిగి రాదు. ఈ తేడా మొదటి రోజే చెప్పకపోవడం వల్లే చాలామంది మానేస్తారు. ప్రెషర్ 1 పాయింటు తగ్గినా జబ్బు ముదిరే ముప్పు సుమారు 10 శాతం తగ్గుతుందని లెక్క తేలింది.

సీసా ముందే అయిపోతోందంటే వేయడంలో తేడా ఉంది. కింది రెప్ప సంచిలో పట్టేది ఒక్క చుక్క కన్నా తక్కువే. రెండు వేస్తే రెండోది చెంప మీదికే. చేతులు కడుక్కుని, తల వెనక్కి వాల్చి, కింది రెప్ప లాగి ఆ సంచిలో ఒక్క చుక్క వేయాలి. సీసా మూతి రెప్పకు, వెంట్రుకలకు తగలకూడదు. తర్వాత కళ్లు మెల్లగా మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో 2 నిమిషాలు నొక్కి ఉంచాలి. అలా చేయకపోతే మందు ముక్కులోకి, అక్కడినుంచి రక్తంలోకి పోతుంది. టిమోలాల్ లాంటిది అలా పోతే గుండె వేగం తగ్గుతుంది, ఆయాసం ఉన్నవాళ్లకు ఊపిరి బిగుస్తుంది. నాన్నగారికి ఉబ్బసంగానీ, గుండె కొట్టుకోవడం నెమ్మదించే ‘హార్ట్ బ్లాక్’ గానీ ఉంటే ఇది కంటి డాక్టరుకు తెలిసి ఉండాలి. రెండు మందుల మధ్య కనీసం 5 నిమిషాలు ఆగాలి, లేకపోతే రెండోది మొదటిదాన్ని కడిగేస్తుంది. చేయి వణికితే పడుకుని వేయించుకోవచ్చు, ఇంట్లో ఎవరైనా వేస్తే ఇంకా నయం. సీసా తెరిచిన తారీకు దాని మీదే రాసి, సాధారణంగా 4 వారాలకు పారేయండి.

రాత్రి వేసేది లాటనోప్రోస్ట్ రకం అయితే కన్ను కొంచెం ఎర్రబడటం, రెప్పవెంట్రుకలు పొడవవడం, రంగు ముదరడం జరుగుతాయి, భయం లేదు. బ్రిమోనిడిన్‌తో నెలల తర్వాత కూడా ఎర్రగా దురదపెట్టే అలర్జీ రావచ్చు. దానికి మందు మార్చాలి, మానకూడదు. డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు మాత్రమే క్రమంగా వేసుకుంటే అక్కడ ప్రెషర్ బాగుంటుంది, నరం మాత్రం దెబ్బతింటూ ఉంటుంది. మర్చిపోయామని చెప్పేయడమే మేలు.

చుక్కలు నిజంగా సాగకపోతే ఎస్‌ఎల్‌టీ అనే లేజరు గురించి అడగండి. మూల తెరుచుకున్న రకంలో, ముందే దీనితో మొదలుపెట్టినవాళ్లలో 74 శాతం మందికి మూడేళ్లయినా చుక్కలు అవసరం రాలేదని 2019లో వచ్చిన ఫలితం. కాలక్రమేణా ప్రభావం తగ్గవచ్చు, మళ్లీ చేయవచ్చు. దీనికీ మూల మూసుకునే రకానికి చేసే రంధ్రానికీ సంబంధం లేదు.

ప్రశ్న: నాకు నీటికాసులున్నాయి. రోజూ శీర్షాసనం వేస్తాను. మానాలా? ఫోను చూడొచ్చా?

శీర్షాసనం మానండి. ఆ భంగిమలో కంటి ప్రెషర్ దాదాపు రెట్టింపవుతుంది. సర్వాంగాసనం లాంటి తలకిందుల ఆసనాలకూ అదే వర్తిస్తుంది. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం, ఒక్కసారిగా లీటరు నీళ్లు తాగడం, మెడ బిగిసే కాలర్లు కూడా తాత్కాలికంగా పెంచుతాయి. నీళ్లు విడతలుగా తాగితే సరి. వేగంగా నడవడం, సైకిలు తొక్కడం ప్రెషర్‌ను కాస్త తగ్గిస్తాయి, చుక్కలకు మాత్రం బదులు కావు. రాత్రి బీపీ మాత్ర వేసుకుంటుంటే కంటి డాక్టరుకు చెప్పండి. నిద్రలో బీపీ మరీ పడిపోతే నరానికి రక్తం చాలదు, మాత్ర వేళ మార్చాలా అన్నది ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకోవాలి. ఫోను చూడటం వల్ల నీటికాసులు రావు. మీది మూల ఇరుకైన రకమై, ఇంకా లేజరు కాకపోతే చీకట్లో తల వంచుకుని గంటలకొద్దీ చూడకండి.